ఎం.బి.ఏ. పట్టా, ప్రైవేటు విశ్వవిద్యాలయం, మన ఉద్యోగి

ఇటీవల సమాఖ్య కార్యాలయానికి అందుతున్న లేఖలలో బదిలీలు, పదోన్నతులు, క్వార్టర్ల మరమ్మతులు వంటి పాత సమస్యలతోపాటు ఒక కొత్త ప్రశ్న తరచుగా కన్పిస్తున్నది. ఫలానా రాష్ట్రంలోని ఫలానా ప్రైవేటు విశ్వవిద్యాలయం ఇచ్చే ఎం.బి.ఏ. పట్టాను శాఖ గుర్తిస్తుందా, దానివలన పదోన్నతి లభిస్తుందా అన్నదే ఆ ప్రశ్న. వ్రాసేవారు బుకింగ్ క్లర్కులు, స్టేషన్ మాస్టర్లు, వర్క్‌షాపు టెక్నీషియన్లు, పోస్టల్ అసిస్టెంట్లు, ఆర్.ఎం.ఎస్. సార్టింగ్ అసిస్టెంట్లు. అప్పుడప్పుడు గ్రామీణ డాక్ సేవక్ సోదరులు కూడా వ్రాస్తున్నారు. ఒక్కొక్కరికి విడివిడిగా సమాధానం పంపుతూనే ఉన్నాము. అయితే ఇది ఏ ఒక్కరి సొంత సమస్యగానో మిగలలేదు కనుక మా అభిప్రాయాన్ని ఈ పత్రిక ద్వారా సభ్యులందరి ముందు ఉంచుతున్నాము.

మేము చదువుకు వ్యతిరేకులము కాము. రాత్రి డ్యూటీ దిగి, రెండు గంటలు కన్నుమూసి, మళ్ళీ పుస్తకం తెరిచే యువ ఉద్యోగిని చూచినప్పుడు మాకు గర్వమే కలుగుతున్నది. "సర్కారు ఉద్యోగం వచ్చింది కదా, ఇంకా చదువెందుకు?" అని ఎకసెక్కమాడే అధికారులతో మేము ఏనాడూ గొంతు కలపలేదు. మా తగవు చదువుకొనేవానితో కాదు. వాని ఆశను సరుకుగా మార్చి వాయిదాల పద్ధతిపై తిరిగి వానికే అమ్ముతున్న వ్యాపారంతో.

ఆ ఆశ ఎక్కడ పుట్టిందో ముందుగా చూడవలసి ఉన్నది. పదవ తరగతి చాలునన్న కొలువులలో నేడు పట్టభద్రులు, ఇంజనీరింగు చదివినవారు సైతం చేరుతున్నారు. గ్యాంగులో చేరిన పట్టభద్రుడు పదేళ్ళు గడచిన తర్వాత తలెత్తి చూస్తే పై మెట్టు కన్పించడం లేదు. పది, ఇరవై, ముప్పయి సంవత్సరాల సర్వీసుకు వేతన స్థాయి పెంచే ఎం.ఎ.సి.పి. పథకం 2008 నుండి అమలులో ఉన్నది గాని అది జీతం పెంచుతుందే తప్ప హోదా మార్చదు, పని మార్చదు. శాఖాపరమైన పోటీ పరీక్షల ఖాళీలు కొద్ది, పోటీదారులు ఎక్కువ. ఎటు చూచినా తలుపు మూసి ఉన్నప్పుడు, "ఈ తాళంచెవి కొనండి" అని ఎవరైనా వస్తే చేయి చాచనివారెవరు?

అయితే ఆ తాళంచెవి మన తలుపుకు పట్టేది కాదు. రైల్వేలో గ్రూపు-బి పరీక్షకు గాని, తపాలాలో ఇన్‌స్పెక్టరు పరీక్షకు గాని అడిగేది సర్వీసు, కేడరు, ఎం.బి.ఏ. కాదు. ఉన్నత విద్యార్హత సంపాదించిన కేంద్ర ప్రభుత్వోద్యోగులకు ఒకే మొత్తంగా ప్రోత్సాహకం ఇవ్వవచ్చునని సిబ్బంది, శిక్షణ శాఖ 2019 మార్చిలో ఉత్తర్వు చేసినది. ఏడాదికి మించిన స్నాతకోత్తర పట్టాకు 25,000 రూపాయలు. కాని ఆ చదువు ఉద్యోగి చేస్తున్న పనికో, తర్వాతి పదవి పనికో ప్రత్యక్షంగా సంబంధించినదై ఉండాలి. పట్టా గుర్తింపు పొందినదై ఉండాలి. ఆరు నెలలలోగా దరఖాస్తు చేయాలి. సంబంధం ఉన్నదో లేదో తేల్చేది అధికారి. అధికారి కలం సాధారణంగా ఎటు వంగుతుందో మన సభ్యులకు చెప్పనక్కరలేదు.

ఒక ఉదాహరణ చెప్పుతాము. పేరు, ఊరు వ్రాయము. ఒక ఆర్.ఎం.ఎస్. కార్యాలయంలోని సార్టింగ్ అసిస్టెంటు, ఇద్దరు పిల్లల తండ్రి, సహకార పరపతి సంఘంలో అప్పు తీసి ఒక ఇతర రాష్ట్రపు ప్రైవేటు విశ్వవిద్యాలయంలో దూరవిద్య ఎం.బి.ఏ.లో చేరినాడు. చేర్పించినది ఊళ్ళోని ఒక "అధ్యయన కేంద్రం". ఒక మేడపై గది, రెండు బల్లలు, ఒక బోర్డు. రెండవ సంవత్సరం ఫీజు కట్టిన కొన్ని నెలలకు ఆ బోర్డు మాయమైనది. చివరకు పట్టా వచ్చినది. ప్రోత్సాహకానికి దరఖాస్తు చేస్తే ముందస్తు అనుమతి లేదని, పనికి సంబంధించిన చదువు కాదని తిరిగి వచ్చినది. అతడు ఆ కాగితాలు తెచ్చి మా బల్లపై పెట్టి అడిగినది డబ్బు గురించి కాదు. "అన్నగారూ, నేను చదివినది నిజంగా చదువేనా, కాదా?" అన్నాడు. ప్రశ్నపత్రాలు తెప్పించి చూచినాము. అతడు చదివినది చదువే. ఆ కేంద్రం చేసినది మాత్రం విద్యాదానం కాదు.

ఇటువంటి వ్యవహారం కొత్తది కాదు. 1956 నాటి యు.జి.సి. చట్టం 22వ సెక్షను ప్రకారం పట్టా ఇచ్చే అధికారం చట్టం ద్వారా ఏర్పడిన విశ్వవిద్యాలయానికి, డీమ్డ్ విశ్వవిద్యాలయానికి, లేదా పార్లమెంటు ప్రత్యేకంగా అధికారమిచ్చిన సంస్థకు మాత్రమే ఉన్నది. ప్రైవేటు విశ్వవిద్యాలయాన్ని రాష్ట్ర శాసనసభ చట్టం ద్వారా నెలకొల్పవచ్చును. ఛత్తీస్‌గఢ్ రాష్ట్రం 2002లో చేసిన చట్టంలో ఒక్కొక్క విశ్వవిద్యాలయానికి వేరు చట్టం అక్కరలేదు, గెజెట్ ప్రకటన చాలు. ఫలితంగా అనతికాలంలో 112 విశ్వవిద్యాలయాలు కాగితంపై వెలసినవి. భవనం లేనివి, ఒక్క గదిలో నడిచేవి కూడా వాటిలో ఉన్నవి. యు.జి.సి. మాజీ అధ్యక్షులు, శాస్త్రవేత్త యశ్‌పాల్ గారు సుప్రీంకోర్టుకు వెళ్ళగా, 2005 ఫిబ్రవరిలో న్యాయస్థానం ఆ నిబంధనలను కొట్టివేసినది. అందులో అప్పటికే చదువుతున్న విద్యార్థులను రాష్ట్రంలోని ఇతర విశ్వవిద్యాలయాలకు అనుబంధం చేయించి కాపాడవలసి వచ్చినది. బిలాస్‌పూర్, రాయపూర్ రైల్వే కాలనీలలో తరతరాలుగా స్థిరపడిన మన తెలుగు కుటుంబాలకు ఆ బోర్డులు ఇంకా జ్ఞాపకం ఉండే ఉంటవి.

ఇంతకన్న కఠినమైనది 2017 నవంబరు తీర్పు. ఒడిశా ఎత్తిపోతల సంస్థ ఒక పక్షంగా ఉన్న ఆ కేసులో, అనుమతి లేకుండా కొన్ని డీమ్డ్ విశ్వవిద్యాలయాలు దూరవిద్య ద్వారా ఇచ్చిన ఇంజనీరింగు పట్టాలను సుప్రీంకోర్టు పక్కకు నెట్టినది. 2001 నుండి 2005 వరకు చేరినవారికి మరల పరీక్ష వ్రాసే అవకాశం ఇచ్చినది. తర్వాత చేరినవారి పట్టాలు రద్దైనవి. ఆ పట్టాల ఆధారంగా పొందిన పదోన్నతులను సైతం ఉపసంహరించమన్నది. అది ఎం.బి.ఏ. కేసు కాదు, నిజమే. కాని విశ్వవిద్యాలయం తప్పు చేస్తే పదోన్నతి పోగొట్టుకొనేది ఉద్యోగి అన్న విషయం ఏ పట్టాకైనా ఒక్కటే.

ఆంధ్రప్రదేశ్ 2016లో, తెలంగాణ 2018లో ప్రైవేటు విశ్వవిద్యాలయాల చట్టాలు చేసుకొన్నవి. వీటన్నింటినీ ఒకే గాటన కట్టడం మా ఉద్దేశం కాదు. మంచి ఉపాధ్యాయులు, మంచి గ్రంథాలయాలు ఉన్నవి కూడా లేకపోలేదు. అయితే "యు.జి.సి. గుర్తింపు ఉన్నది" అని ఏజెంటు చెప్పే మాటకు రెండు అర్థాలున్నవి. విశ్వవిద్యాలయం పేరు యు.జి.సి. జాబితాలో ఉండడం ఒకటి. ఆ సంవత్సరానికి, ఆ కోర్సుకు, దూరవిద్య లేక ఆన్‌లైన్ పద్ధతిలో నడుపుకొనే అనుమతి ఉండడం వేరొకటి. మొదటిది చూపించి రెండవది ఉన్నట్లు నమ్మించడమే ఈ వ్యాపారంలోని కిటుకు. ఆన్‌లైన్ కంపెనీలతో ఫ్రాంచైజీ పద్ధతిపై కోర్సులు నడపడం నియమవిరుద్ధమని 2022 జనవరిలో యు.జి.సి. స్వయంగా హెచ్చరించినది. కాబట్టి ఫీజు కట్టే ముందు యు.జి.సి. దూరవిద్యా విభాగం జాబితాలో ఆ కోర్సు పేరు, ఆ విద్యా సంవత్సరం వెతికి చూడండి. శాఖ నుండి అనుమతి కాగితం రాతపూర్వకంగా తీసుకోండి.

పట్టా మీద మోజు ఎంత దూరం పోయినదో తెలుసుకోవాలంటే ఒక విశేషం గమనించవచ్చును. 1961లో కలకత్తాలో, అహమ్మదాబాదులో నెలకొన్న ఐ.ఐ.ఎం.లు ఐదు దశాబ్దాలకు పైగా ఇచ్చినది డిప్లొమా మాత్రమే. పట్టా ఇచ్చే అధికారం వాటికి 2017 చట్టంతోగాని రాలేదు. ఇక ఫీజుల మాట. 1982లో హైదరాబాదులో స్థాపితమై నేడు డాక్టర్ అంబేద్కర్ పేరున నడుస్తున్న సార్వత్రిక విశ్వవిద్యాలయం, 1985లో ఏర్పడిన ఇందిరాగాంధీ జాతీయ సార్వత్రిక విశ్వవిద్యాలయం ఉద్యోగస్తుల కొరకే పుట్టినవి. లక్షలు పోసేముందు వాటి గడప ఒకసారి తొక్కవలసిందిగా మా సలహా. పిల్లల చదువుకు కమ్యుటేషన్ సొమ్మంతా ధారపోసే రిటైరైన సోదరులకు కూడా ఇదే మాట.

ఇంతకీ ఆ పుస్తకాలలో ఏమున్నది? మన సభ్యులు తెలుసుకోవలసినది ఇక్కడే ఎక్కువగా ఉన్నదని మా నమ్మకం. మేనేజ్‌మెంట్ అనే విద్య పుట్టినది చాలావరకు రైలు పట్టాల మీద. 1855లో అమెరికాలోని ఈరీ రైల్‌రోడ్డు సూపరింటెండెంటు మెక్కల్లమ్, ఎవరి కింద ఎవరు పనిచేయాలో చూపే పటం గీయించినాడు. 1910లో అక్కడి రైల్వే కంపెనీలు సరుకు రవాణా రేట్లు పెంచబోగా, వర్తకుల తరఫున వాదించిన బ్రాండైస్ "శాస్త్రీయ నిర్వహణ" పాటిస్తే కంపెనీలు రోజుకు పది లక్షల డాలర్లు పొదుపు చేయవచ్చునన్నాడు. ఆ మాట, దాని ప్రవక్త టేలర్ పేరు లోకమంతా వ్యాపించినది ఆ కేసుతోనే. ఎం.బి.ఏ. మొదటి పాఠంలో టేలర్ ఉంటాడు. ఉండనిదేమిటంటే, 1911 ఆగస్టులో వాటర్‌టౌన్ ప్రభుత్వ ఆయుధ కర్మాగారంలో స్టాప్‌వాచ్ పట్టుకొని ఎదుట నిలబడిన ఇంజనీరును చూచి ఫౌండ్రీ కార్మికులు పని మానివేసిన సంగతి. వారు మనవలె ప్రభుత్వోద్యోగులే. విచారణ జరిగినది. 1915లో అమెరికా కాంగ్రెసు ప్రభుత్వ కర్మాగారాలలో స్టాప్‌వాచ్ కొలతలకు నిధులు నిషేధించినది. ఆ నిషేధం మూడు దశాబ్దాలకు పైగా నిలిచినది. సార్టింగు కేసు ముందు టైమ్ టెస్టుకు, షెడ్డులో వర్క్ స్టడీకి లోనైన మన ఉద్యోగికి ఈ అధ్యాయం కొత్తగా నేర్పవలసిన పని లేదు. కొలిచేవాని పక్షం నుండి ఒకసారి చదివితే చాలు.

లెక్కల సంగతీ అంతే. 2017-18లో రైల్వేలు వంద రూపాయలు సంపాదించడానికి 98 రూపాయల 44 పైసలు ఖర్చు చేసినట్లు చూపినవి. ఎన్.టి.పి.సి., ఇర్కాన్ సంస్థల నుండి ముందుగా తీసుకొన్న సొమ్ము తీసివేస్తే అది 102 రూపాయల 66 పైసలని కంప్ట్రోలర్ అండ్ ఆడిటర్ జనరల్ నివేదిక బయటపెట్టినది. నష్టాల పేరు చెప్పి పోస్టులు రద్దు చేసేటప్పుడు ఈ లెక్క విప్పి చెప్పగల వాడు ప్రతి డివిజనులో ఒక్కడైనా మనకు కావాలి. 2017 నుండి రైల్వేకు ప్రత్యేక బడ్జెటు కూడా లేకుండా పోయినది కనుక మరీ కావాలి. తపాలాలోనూ ఇదే కథ. యాభై పైసల పోస్టుకార్డుకు పది రూపాయలకు మించిన ఖర్చు చూపుతారు. పోస్టుమాన్ వీధి తిరిగేది ఒక్క కార్డు కొరకు కాదు. అతని జీతాన్ని వస్తువుల మధ్య పంచే పద్ధతి ఏది? వస్తువులు తగ్గినకొద్దీ ఒక్కొక్కదాని మీద పడే భారం ఎందుకు పెరుగుతుంది? ఇది కాస్ట్ అకౌంటింగ్ రెండవ అధ్యాయం. కౌన్సిలు సమావేశంలో బల్లకు అవతలివైపు కూర్చున్నవారు దానిని చదువుకొనే వస్తారు.

మన దేశంలో ఈ విద్య మొదలైనప్పుడు కార్మికుని పేరు దానితో ముడిపడే ఉన్నది. జంషెడ్‌పూర్‌లో 1949లో మొదలైన సంస్థ పేరులోనే "లేబర్ రిలేషన్స్" ఉన్నది. కలకత్తాలో 1953 నాటి సంస్థ పేరు "సాంఘిక సంక్షేమం, వ్యాపార నిర్వహణ". వాల్తేరులో ఆంధ్ర విశ్వవిద్యాలయం 1957లోనే ఎం.బి.ఏ. ప్రారంభించినది. నేటి రంగురంగుల కరపత్రాలలో మాకు ఆ మాట కన్పించలేదు.

కాబట్టి యాజమాన్యాన్ని అడగవలసినవి అడగాలి. అయిదేళ్ళ సర్వీసు ఉన్న ఉద్యోగికి మొత్తం సర్వీసులో 24 నెలల వరకు అధ్యయన సెలవు ఇవ్వవచ్చునని 1972 సెలవు నియమాలు చెప్పుతున్నవి; రైల్వేలకు తమ సొంత నియమావళి ఉన్నది. ఆచరణలో గ్రూపు-సి ఉద్యోగికి అది దక్కడం ఎంత అరుదో అందరికీ తెలిసినదే. సెలవు మంజూరు, పరీక్ష రోజులలో డ్యూటీ మార్పు, ప్రోత్సాహకానికి అర్హమైన చదువుల జాబితాను ముందే ప్రకటించడం అనే మూడు విషయాలను సంయుక్త సంప్రదింపుల యంత్రాంగంలో లేవనెత్తడానికి వివరాలు సేకరిస్తున్నాము. తమ పరిధిలో ఎందరు సభ్యులు ఇటువంటి కోర్సులలో చేరినారు, ఎంత ఫీజు చెల్లించినారు, అనుమతి కోరినవారికి ఏ సమాధానం వచ్చినది, తిరస్కరించిన ఉత్తర్వు నకలు ఉంటే దానితో సహా శాఖా కార్యదర్శులు సమాఖ్య కార్యాలయానికి పంపవలసినదిగా కోరుతున్నాము. సభ్యుల పేర్లు ఎక్కడా వెల్లడించము.