గుండు లేని హంతకులు

‘అమెరికన్ హిస్టరీ ఎక్స్’ 1998లో వచ్చిన చిత్రం. గుండు గీయించుకొని, రొమ్ముపై నాజీల స్వస్తిక పచ్చబొట్టు పొడిపించుకొని, నల్లవారిని చంపిన డెరెక్ అనే తెల్ల యువకుని కథ. అందులోని హింస దారుణం. పిల్లలతో కలిసి చూడదగినది కాదు. అయినా మిర్చి యార్డులో టిక్కీలు మోసే మా పేట యువకులను మేమే పిలిచి చూపించాము.

ఎందుకంటే అందులో ఒక చిన్న ఘట్టముంది. అప్పటికి డెరెక్ బుద్ధిగా చదువుకునే కుర్రవాడు. భోజనాల వేళ, తన నల్లజాతి ఉపాధ్యాయుడు చెప్పే పాఠం గురించి ఉత్సాహంగా చెబుతాడు. అగ్నిమాపక దళంలో పనిచేసే తండ్రి కేకలు వేయడు. అర్హత లేకున్నా నల్లవారికి ఉద్యోగాలిస్తున్నారని, ఆ పాఠాలు నమ్మవద్దని మెల్లగా నూరిపోస్తాడు. కొడుకు తలూపుతాడు. అంతే. ఆ తండ్రి హత్యకు గురైన నాడు కొడుకులో రగిలిన మంటకు కట్టెలు ఆ బల్ల దగ్గరే పేర్చబడ్డాయి. ఏళ్ళ తరబడి ప్రభుత్వ గుమాస్తాగిరీ చేసిన మాకు ఆ గొంతు కొత్తది కాదు. రిజర్వేషన్ల మాట వచ్చినప్పుడల్లా టీ గ్లాసుల మధ్య విన్నదే.

చిత్రం ముగిశాక ఒక కుర్రవాడు, ‘ఇది వాళ్ళ దేశం గొడవ కదండీ చాచా’ అన్నాడు. చుండూరు ఎంత దూరమని అడిగాము. 1991లో అక్కడ కలహం మొదలైంది సినిమా హాల్లోనే. చదువుకున్న దళిత యువకుని కాలు అగ్రకులస్థునికి తగిలింది. ఆగస్టు 6న ఎనిమిది మంది దళితులను నరికి, శవాలను గోనెసంచులలో కుక్కి కాలువలో పడేశారు. 2007లో ప్రత్యేక న్యాయస్థానం 21 మందికి యావజ్జీవ శిక్ష వేసింది. 2014లో హైకోర్టు అందరినీ విడిచిపెట్టింది. అంతకు ముందు, 1985 జూలై 17న కారంచేడులో, చెరువు నీటిని మురికి చేయవద్దన్న మాట దగ్గర మొదలై ఆరుగురు మాదిగలు బలయ్యారు. ఈ హంతకులకు గుండ్లు లేవు, పచ్చబొట్లు లేవు.

ఆనాడు మనమేమి చేశాము? ‘మన కౌమ్ గొడవ కాదు’ అని మసీదు మెట్ల మీదే అనుకున్నాము. ఉద్యోగానికి ముప్పని మేమూ నోరు మూసుకున్నాము. ఈనాడు మన మీదికి వస్తే మాత్రం అందరూ తోడు రావాలంటాము!

ఆ హంతకుల ఇంటి భోజనాల బల్ల దగ్గరికి మన అగ్ర నిర్మాతలు పోలేదు. కానీ 2024 మార్చిలో, లోక్‌సభ ఎన్నికల ముంగిట, ‘రజాకార్’ విడుదలైంది. నిర్మాత బీజేపీ నాయకుడు. రజాకార్ల దురాగతాలు నిజం. మేము కప్పిపుచ్చము. వారిని ‘ఇమ్రోజ్’ పత్రికలో ఎదిరించి 1948 ఆగస్టులో ప్రాణమిచ్చిన షోయబుల్లా ఖాన్ ముసల్మానే. మరి పోలీసు చర్య వేళ, తరువాత మరణించినవారు తక్కువలో తక్కువ 27 వేల నుంచి 40 వేలని సుందర్‌లాల్ కమిటీ లెక్కగట్టింది. ఆ నివేదికకు నిర్మాత ఎవరు? అమెరికా చిత్రం తన ఇంటి కొడుకునే బోనులో నిలబెట్టింది. మన చిత్రం పొరుగింటి వానిని నిలబెట్టి టిక్కెట్లమ్ముకుంది.

వచ్చే ఆగస్టు 6న చుండూరు రక్తక్షేత్రానికి పోతున్నాము. ‘వాళ్ళ దేశం గొడవ’ అన్న కుర్రవాడే తన అన్న ఆటో తెస్తానన్నాడు. ఇంకా నలుగురికి చోటుంది.