ఊరి రాయి ఊరనే నిలువవలెను

శంషాబాదు విమానాశ్రయము 2008 మార్చిలో ప్రారంభమైనది. ఇంచుమించు 5,500 ఎకరముల నేల దానిలో చేరినది. దాని నానుకొనియున్న మామిడిపల్లి పేరు నేడు సర్వే నంబరుల ప్రక్కనను, గిడ్డంగుల చిరునామాలలోను అచ్చుపడుచున్నది. పరదేశి యొకడు ఆ పేరు చదివి, ఈ యూరెన్నాళ్ళది, దీని పొలిమేర యెక్కడిది, ఇచ్చట నెవరు సేద్యము చేసిరి అని యడిగినచో చూపుటకు ఒక గది యున్నదా? ఒక పలక యున్నదా? చిరునామా మిగిలినంతమాత్రమున ఊరు మిగిలినట్లు కాదు.

విమానాశ్రయము వలదని మేమనుట లేదు. రాకపోకలు పెరుగవలసినవే; పరిశ్రమలు రావలసినవే. కాని క్రొత్తది కట్టుటకు ముందు పాతదానిని లెక్కించుట నాగరికుల ధర్మము. ఈ ధర్మము మనకు తెలియనిది కాదు. నాగార్జునసాగరపు నీట మునుగనున్న లోయను 1954 మొదలు 1960 వరకు త్రవ్వి, దొరికిన శిలలను కొండమీద భద్రపరచితిమి. ఆ కొండయే నేడు ద్వీపమై మ్యూజియముతో నిలిచియున్నది. శ్రీశైలము ప్రాజెక్టు వచ్చినపుడు కూడవెల్లి సంగమేశ్వరాలయమును రాయి రాయిగా విప్పి ఆలంపురమునకు చేర్చితిమి. నీరు వచ్చునపుడు గల మెలకువ సిమెంటు వచ్చునపుడు ఏల నిద్రించుచున్నది? నీటిలో మునిగినది కరవునాడైనను తల చూపును. పునాదుల క్రింద పోయినది మరల కనబడునా?

నగరమున గొప్ప మ్యూజియము లుండగా ఊరూర నివి యెందుకని కొందరందురు. 1930లో వెలసిన హైదరాబాదు మ్యూజియమును మేము గౌరవింతుము. కాని పొలిమేర రాయికి పొలిమేరనే అర్థము. వీరుడు పడిన చోటనే వీరగల్లు మాటాడును; అద్దాల గదిలో అది సంఖ్య వేసిన రాతిముక్క. అమరావతి స్తూపపు శ్రేష్ఠశిల లనేకము చెన్నపురికిని, లండనునకును పోయినవి. వానిని చూడగోరు తెలుగువాడు సముద్రము దాటవలసి వచ్చుచున్నది. దూరమున భద్రముగా నున్నదని సంతసించువాడు, తన యింటి పత్రములు పరుల పెట్టెలో నున్నందుకును సంతసింపవలెను!

కెనడా దేశపు గోధుమ మైదానములలో వెగ్రెవిల్ అను చిన్న పట్టణ మున్నది. అచ్చట స్థిరపడిన యుక్రేనియను రైతుల సంప్రదాయము ననుసరించి 1975లో బాట ప్రక్కన రంగులు దిద్దిన పెద్ద గ్రుడ్డును నిలిపిరి. దారిన పోవువారు బండి నాపి, ఆ రైతుల కథ విని పోవుదురు. నూరేండ్ల కథ గలవారు దానిని అంత గౌరవముతో చాటుకొనుచుండగా, వందలయేండ్ల కథ గల మనము మైలురాయికి సున్నము కూడ వేయము.

శంషాబాదు ప్రాంతమునకు చూపదగినవి కొదువ లేదు. నర్కూడ చెంత అమ్మపల్లి సీతారామచంద్రాలయము ఎత్తైన గోపురముతో, కోనేరుతో అలరారుచున్నది. సినిమావారి కది తెలియును. బడిపిల్లలకు దాని చరిత్ర తెలియదు. ముచ్చింతలలో 2022న ఆవిష్కృతమైన 216 అడుగుల రామానుజ విగ్రహమును చూడ జనము తండోపతండములుగా వచ్చుచున్నారు. రానిండు. కాని అచ్చటికి పోవు దారిలోని బొడ్రాయిని, దిగుడుబావిని, పాడుపడిన చావడిని వారికి చూపువా డెవడు? మహావిగ్రహమునకు కాపలా యున్నది. గ్రామశిలకు గ్రామమే కాపలా.

1923లో కొమఱ్ఱాజు లక్ష్మణరావుగారు గతించిన పిమ్మట వారి పేర నడచిన పరిశోధకమండలి, రాజాశ్రయము లేకయే ఊరూర తిరిగి శాసనములకు ప్రతులెత్తి, 1935లో తెలంగాణా శాసనములను ప్రకటించినది. నాడు బండ్లమీదను, కాలినడకను జరిగిన పని, చేతిలో ఛాయాయంత్రము లేని యువకుడు కానరాని నేడు జరుగదా?

మా కోరిక స్వల్పము. ప్రతి గ్రామపు బడిలో ఒక గది కేటాయింపుడు. ఊరి రాళ్ళకు, బావులకు, ముసలివారు చెప్పు పొలముల పేర్లకు పట్టిక వ్రాయింపుడు. ప్రతి గుర్తుకడ తెలుగున నాలుగు పంక్తుల పలక నాటింపుడు. ఆ పట్టిక సిద్ధము కానిదే ప్లాట్లు వేయుటకు అనుమతి నీయకుడు. తెలంగాణలో వారసత్వ పరిరక్షణకు 2017లో చట్టమే వచ్చినది. చట్టము కాగితమున నుండగా రాయి కంకరయగుట సిగ్గుచేటు. మామిడిపల్లి యువకులారా! మీ యూరు సర్వే నంబరు కాదని మీరే నిరూపింపవలెను. యంత్రము పొలిమేర దాటకముందే పట్టిక చేతబట్టుడు.