టిక్ టిక్ మంటే కాలిపోయినట్టు కాదు

ఇంట్లో ఆంప్లిఫైయర్ కట్టుకునే మిత్రులను ఈమధ్య బాగా వేధిస్తున్న సమస్య ఒకటుంది. బరువైన ట్రాన్స్‌ఫార్మర్ బదులు ఎస్‌ఎంపీఎస్ (స్విచ్ మోడ్ పవర్ సప్లయ్) పెడతారు. స్విచ్ వేస్తే టిక్ టిక్ మంటుంది గానీ పాట రాదు. ఈ సంచికను ఆ సమస్యకే కేటాయించాం.

చాలాసార్లు ఆ చప్పుడు సప్లయ్ తనను తాను కాపాడుకుంటోందనడానికి గుర్తు. ఆంప్లిఫైయర్ బోర్డు మీది పెద్ద ఫిల్టర్ కెపాసిటర్లు ఖాళీగా ఉన్నప్పుడు ఒక్కసారిగా కరెంటు లాగుతాయి. సప్లయ్ దాన్ని షార్ట్‌గా భావించి ఆగుతుంది, మళ్లీ ప్రయత్నిస్తుంది. అందుకే ముందు బోర్డును విడదీసి, చిన్న లోడుతో సప్లయ్‌ని ఒంటరిగా పరీక్షించండి.

అప్పుడూ లేవకపోతే కంట్రోల్ ఐసీని చూడాలి. ఉదాహరణకు, ఎనిమిది పిన్నుల యూసీ3842లో ఏడో పిన్నుకు సుమారు 16 వోల్టులు అందితేనే ఐసీ పని మొదలుపెడుతుంది. 10కి పడితే ఆగిపోతుంది. అక్కడ వోల్టేజి అసలే లేకపోతే స్టార్టప్ రెసిస్టర్ తెగిందేమో చూడండి. ఆ రెండు అంకెల మధ్య ఊగుతుంటే, పక్కనున్న చిన్న ఎలక్ట్రోలిటిక్ కెపాసిటర్ ఎండిపోయి ఉండొచ్చు. కొత్త ఐసీ కొనేముందు దాన్ని మార్చి చూడండి. కొలిచేటప్పుడు మీటరు నల్ల ప్రోబు ప్రైమరీ నెగటివ్ మీదే ఉండాలి.

ఒక్క మాట మరవకండి. 230 వోల్టుల కరెంటు మీద నడిచే సప్లయ్‌లో ప్రైమరీ కెపాసిటర్ మీద దాదాపు 325 వోల్టుల డీసీ ఉంటుంది. ప్లగ్ తీశాక కూడా అది ప్రాణాంతకమే. తగిన రెసిస్టర్‌తో డిశ్చార్జ్ చేసి, మీటరుతో సున్నా చూశాకే చెయ్యి పెట్టండి. కొత్తగా నేర్చుకుంటున్నవాళ్లు అనుభవజ్ఞుల పక్కన కూర్చునే ఈ పని మొదలుపెట్టాలని మా మనవి.