తాత లెక్కల పుస్తకం చదివే ముందు మీ తెర చూసుకోండి

పోయిన సంక్రాంతికి ఈ పేజీలో నేనొక తప్పు చేసినాను. తాత లెక్కల పుస్తకంలో ఒక పుటను టైపు చేసి పెడుతూ, 1958లో ఆయన తన చెల్లెలికి పసుపు కుంకుమ కింద ఇచ్చిన తోట జాగా 2 గుంటలని రాసినాను. పుస్తకంలో ఉండేది 3. నాలుగు దినాలకు ఆ అవ్వ మనవరాలు ఫోన్ చేసింది. “ఏం బావా, ఇచ్చిందే కొంచెం. దాన్నీ తగ్గించి రాస్తివే?” నవ్వుతూనే అన్నది గానీ, ఆ నవ్వు వెనక ఏముందో మన ఇండ్లల్లో పెరిగినోళ్ళకు చెప్పాల్సిన పని లేదు.

ఇంట్లో అందరూ నా తెలుగు మీద వేసినారు. నేను పదో తరగతి దాకా కన్నడ మీడియం. తెలుగు అక్షరాలు నేర్చుకునింది ఇరవై అయిదేండ్లు దాటినాక. తలకట్టు తప్ప మిగిలిందంతా కన్నడమే కదా అని ధైర్యంగా దిగినవాణ్ణి. తాత అంకెలు కూడా తెలుగు అంకెలే. ౨కీ ౩కీ తేడా ఒక్క మెలిక. కాబట్టి తప్పు నాదే అని నేనూ ఒప్పుకున్నా.

ఆ ఆదివారం చిన్నాయన తన ఫోన్‌లో అదే ఫోటో తెరిచి చూపించినాడు. మెలిక స్పష్టంగా ఉండాది! అదే ఫైలు నా ల్యాప్‌టాప్‌లో తెరిస్తే లేదు. పెద్దది చేసి చూసినా లేదు. తల కొంచెం కిందికి వంచితే సన్నగా కనిపించి, నిటారుగా కూర్చుంటే మళ్ళీ మాయం. నేను సాఫ్ట్‌వేర్ టెస్టర్ని. ఒకే ఫైలు రెండు తెరల మీద రెండు రకాలుగా కనిపిస్తే లోపం ఫైలులో లేదని నాకు తెలియకపోతే ఇంకెవరికి తెలియాల? పదేండ్లుగా అందరి తప్పులూ పట్టి జీతం తీసుకుంటూ, నా ముందరుండే తెరను ఒక్కసారీ పరీక్షించలేదు.

నాది సెకండ్ హ్యాండ్‌లో కొన్న వర్క్‌స్టేషన్ ల్యాప్‌టాప్. మంచి ప్రాసెసర్, 32 జీబీ ర్యామ్. తెర 15.6 అంగుళాలు, 1920 x 1080. కాగితం మీద అన్నీ బాగానే ఉండాయి. కాగితం మీద లేనిది ఒకటే, ఆ ప్యానెల్ టీఎన్ రకమని. టీఎన్ ప్యానెల్‌లో పైనుంచి చూస్తే ఒక రంగు, కిందినుంచి చూస్తే ఇంకో రంగు. పైగా ఇట్లాంటివి ఎక్కువగా 6 బిట్‌వి. అంటే ఎరుపు, పచ్చ, నీలం ఒక్కోదానికి 64 మెట్లే. 8 బిట్ ప్యానెల్‌కు 256 మెట్లు. పచ్చబడిన కాగితం మీద వెలిసిపోయిన సిరా అంటే, పక్కపక్క మెట్ల మధ్య ఉండే తేడా. ఆ తేడా చూపించలేని తెర, ఉన్న గీతను లేదని చెబుతుంది. కోడ్ రాసేవాళ్ళకు ఇది అడ్డం రాదు. తాత చేతిరాత చదివేవాళ్ళకు వస్తుంది.

అందుకే నేననేది ఒకటే. పాత కాగితాలు స్కాన్ చేసి పెట్టే పనికి దిగినవాళ్ళు మొదట తెర సంగతి చూసుకోవాల. దానికోసం కొత్త ల్యాప్‌టాప్ కొనాల్సిన పని లేదు, ప్యానెల్ ఒక్కటి మారిస్తే చాలు.

మా చిన్నాయన “వేరే మానిటర్ పెట్టుకోరాదా?” అన్నాడు. ఇంట్లో కూర్చునేవాళ్ళకు అది మంచి మాటే. కానీ కాగితాలు పెద్దోళ్ళ దగ్గరుంటాయి, పెద్దోళ్ళు ఊర్లో ఉంటారు. జేజి పక్కన కూర్చుని “ఇదేం అక్షరం?” అని అడగాలంటే చంకలో పెట్టుకుని పోయే తెరే బాగుండాల.

మార్చే ముందు చూడాల్సినవి చెబుతా. ప్యానెల్ వెనక చీటీ మీద మోడల్ నంబరు ఉంటుంది. ఉదాహరణకు ఏయూ ఆప్ట్రానిక్స్ వాళ్ళ 15.6 అంగుళాల ఫుల్ హెచ్‌డీ ప్యానెళ్ళలో, బీ156 తర్వాత హెచ్‌టీఎన్ అని ఉంటే టీఎన్, హెచ్‌ఏఎన్ అని ఉంటే ఐపీఎస్ తరహా. తర్వాత కనెక్టర్. ఈడీపీ కేబుల్ 30 పిన్నులదా, 40 పిన్నులదా అని లెక్కపెట్టండి. 4కే ప్యానెల్‌కు మామూలుగా 40 పిన్నుల కేబుల్ కావాల, కాబట్టి ప్యానెల్‌తో పాటు కేబులూ మార్చాల్సి వస్తుంది. అంతకన్నా పాత యంత్రాల్లో ఎల్‌వీడీఎస్ ఉంటుంది, దానికీ ఈడీపీకీ పొత్తు కుదరదు. స్క్రూలు పట్టే చెవులు పైనా కిందా ఎక్కడున్నాయో కూడా పాతదాంతో పోల్చుకోండి.

ఐపీఎస్ అని రాసినంత మాత్రాన మోసపోవద్దండి. రంగుల పరిధి 45 శాతం ఎన్‌టీఎస్‌సీ అని ఉండేది చవక రకం. 72 శాతం అని ఉంటే దాదాపు పూర్తి ఎస్‌ఆర్‌జీబీ వచ్చినట్టు. 4కే గొప్పదే, అంగుళానికి 282 చుక్కలు. ఫుల్ హెచ్‌డీకి 141. కానీ 4కే బ్యాటరీని ఎక్కువ తింటుంది. నా పనికి చుక్కల కన్నా ఛాయలే ముఖ్యం. అందుకే ఫుల్ హెచ్‌డీ, 72 శాతం, మెరుపు లేని ఐపీఎస్ ఎంచుకున్నా. బెంగళూరు ఎస్పీ రోడ్డులో ఆరు వేల చిల్లర అయింది.

అంగట్లో వాడు మొదట 45 శాతం ప్యానెల్ తెచ్చి “రెండూ ఒకటే సార్” అన్నాడు. నేను తాత పుట తెరిచి పెట్టినా. మెలిక సగమే కనిపించింది. ఇంకోటి తెమ్మన్నా. మీరూ కొనేటప్పుడు అంగడి వాళ్ళు చూపించే పూల బొమ్మలు చూడొద్దు. మీ ఇంటి పాత కాగితం ఫోటో ఒకటి, నలుపు నుంచి తెలుపు దాకా మెట్లు మెట్లుగా ఉండే బొమ్మ ఒకటి, చిన్న అక్షరాల్లో ర-ఠ, ధ-థ పక్కపక్కన రాసింది ఒకటి పెన్‌డ్రైవ్‌లో తీసుకుపోండి. ర, ఠలకు తేడా లోపలి చుక్కే. ధ, థలకూ అంతే. ఆ చుక్క కనిపించకపోతే ఆ తెర మనకొద్దు.

బిగించేది పెద్ద పనేం కాదు. బ్యాటరీ తీగ ముందు ఊడదీయాల. కనెక్టర్‌ను లాగకూడదు, పైనుండే టేపు, కమ్మీ లేపి మెల్లగా జరపాల. చట్రం మూసేదానికి ముందే ఒకసారి వెలిగించి చూసుకోవాల.

ఒక మాట ఒప్పుకుంటా. ఎంత మంచి ప్యానెలైనా అసలు కాగితానికి సాటి రాదు. అనుమానం వచ్చిన చోట కాగితం దగ్గరికి పోవాల్సిందే. నేను పోలేదు, తెర చెప్పిందే నమ్మినా. ఆ వరకు తప్పు నాదే.

కొత్త తెర మీద ఆ పుటంతా మళ్ళీ చదివితే ఇంకో రెండు అంకెలు తప్పుగా ఎక్కించినట్టు తెలిసింది. అన్నీ సరిచేసినా. అవ్వ ఇంటికి పోయి, ల్యాప్‌టాప్ వాళ్ళ నట్టింట్లో పెట్టి ఆ అంకె చూపించినా. మరదలు చాలాసేపు చూసి, “మూడే” అన్నది. ఈసారి నవ్వులో ఏమీ లేదు.