వెళ్ళిన ఊరికే మళ్ళీ వెళ్ళాలి

విశాఖపట్నం, విజయనగరం చర్చిల్లో యూత్ ఏడాదికి ఒకటి రెండుసార్లు తప్పకుండా పెట్టుకునే కార్యక్రమం ఒకటుంది. శనివారం తెల్లవారుజామున బస్సు మాట్లాడుకుని శ్రీకాకుళం జిల్లాలోని ఏదో ఒక ఊరికో, పార్వతీపురం మన్యంలోని ఏదో ఒక గూడేనికో బయలుదేరతారు. బీపీ, షుగరు చూస్తారు. పిల్లల్ని కూర్చోబెట్టి పాటలు నేర్పుతారు, బొమ్మలు చూపించి బైబిలు కథలు చెబుతారు. ముసలివాళ్ళకు దుప్పట్లు పంచుతారు. రాత్రికి సువార్త కూటం ఉంటుంది. ఆదివారం ఆరాధన, భోజనాలు, గ్రూపు ఫొటో అయ్యాక తిరుగు ప్రయాణం. ఊళ్ళో కూడా ఇప్పుడు దీన్ని ఔట్‌రీచ్ అనే అంటున్నారు.

వారమంతా నర్సింగ్ డ్యూటీయో ప్రైవేటు ఉద్యోగమో చేసి అలసిపోయిన పిల్లలు, దొరికిన రెండు రోజుల సెలవునూ ముక్కూ మొహం తెలియని వాళ్ళ కోసం ఇచ్చేస్తున్నారు. వాళ్ళ మీద నాకు గౌరవం ఉంది. నా బాధల్లా ఒకటే. మరుసటి ఏడాది ఆ బస్సు ఇంకో ఊరికి పోతుంది. సంఘం వార్షిక నివేదికలో ఎన్ని గ్రామాలు తిరిగామన్న లెక్కే ముందు వరుసలో ఉంటుంది. వెళ్ళిన ఊళ్ళో దుప్పటి అందుకున్న అవ్వ మాత్రం బస్సు ఎక్కబోతున్న పిల్లల్ని ఆపి, "మళ్ళీ ఎప్పుడొస్తారేటి బాబూ?" అని అడుగుతుంది. ఆ ప్రశ్నకు మన దగ్గర జవాబుండదు. "దేవుడి చిత్తమైతే వస్తాం అవ్వా" అనేసి బస్సెక్కేస్తాం.

ఉత్తరాంధ్రలో క్రైస్తవ సేవ చరిత్రను తిరగేస్తే, అది పాతుకుపోయి బతికినవాళ్ళ చరిత్రేనని తెలుస్తుంది. లండన్ మిషనరీ సొసైటీ తరఫున జార్జ్ క్రాన్, అగస్టస్ డెస్ గ్రాంజెస్ 1805లో విశాఖపట్నంలో దిగారు. తెలుగు నేర్చుకున్నారు, బడి పెట్టారు, సువార్తల అనువాదానికి పూనుకున్నారు. క్రాన్ 1809లో, డెస్ గ్రాంజెస్ 1810లో కన్నుమూశారు. వాళ్ళు మొదలుపెట్టిన పని అచ్చులోకి రావడం వాళ్ళు చూడలేదు. తర్వాత వచ్చిన కెనడా బాప్టిస్టులు బొబ్బిలి, శ్రీకాకుళం, పాలకొండ, టెక్కలి, సోంపేటల్లో ఏళ్ళ తరబడి కాపురాలున్నారు. కుష్ఠు రోగిని ఇంటివాళ్ళే వెళ్ళగొట్టే కాలంలో సాలూరులో ఫిలడెల్ఫియా ఆసుపత్రి ఆ రోగులకు నీడనిచ్చింది.

వీటన్నింటిలో సోంపేట కథ మన యూత్‌కు బాగా దగ్గరిది. అక్కడి ఆరోగ్యవరం ఆసుపత్రిలో బెన్ గలిసన్ అనే కెనడా వైద్యుడు కంటి ఆపరేషన్లు చేసేవాడు. ఆయన పని గురించి విన్న ఆర్ట్ జెంకిన్స్ అనే కాల్గరీ వ్యాపారి 1963లో మొదలుపెట్టిన సహాయమే ఇవాళ ఆపరేషన్ ఐసైట్ అనే అంతర్జాతీయ సంస్థగా ఎదిగింది. జెంకిన్స్ సోంపేటలో స్థిరపడలేదు. అక్కడ స్థిరపడిన మనిషి చెయ్యి పట్టుకున్నాడు, పట్టిన చెయ్యి విడవలేదు. రెండు రోజుల సెలవు మాత్రమే ఉన్న మన పిల్లలకు కావలసిన దారి ఇదే.

కంటి క్యాంపు సంగతే చూడండి. శుక్లం ఉందని చీటీ రాసివ్వడానికి అయిదు నిమిషాలు చాలు. ఆ చీటీ పట్టుకున్న అవ్వకు కొడుకులిద్దరూ చెన్నైలో భవన నిర్మాణం పనుల్లో ఉంటారు. ఆసుపత్రికి తీసుకెళ్ళేవాళ్ళు లేరు. షుగరు ఎక్కువగా ఉంటే తగ్గాక రమ్మని పంపేస్తారు, మళ్ళీ వెళ్ళాలి. ఆపరేషన్ అయ్యాక వారాల తరబడి రోజుకు ఇన్నిసార్లని చుక్కల మందు వేసుకోవాలి. కంట్లో నీళ్ళు పడకూడదు, పొయ్యి ముందు కూర్చోకూడదు. వణికే చేత్తో తన కంట్లో తానే చుక్క వేసుకోబోతే మందు చెంప మీదికి జారిపోతుంది. క్యాంపులో చీటీలు ఎన్ని రాశామో లెక్క ఉంటుంది కానీ, చూపు వచ్చినవాళ్ళు ఎందరో లెక్క ఉండదు. ఒక్క యూత్ గ్రూపు ఏడాదిలో పదిమంది అవ్వలను ఆసుపత్రికి తీసుకెళ్ళి, తీసుకొచ్చి, చుక్కలు వేసే పక్కింటి అమ్మాయిని కుదిర్చితే, దానికి పది గ్రామాల ఔట్‌రీచ్ సాటి రాదు.

ఉద్దానంలో ఈ మాట ఇంకా గట్టిగా చెప్పాలి. కవిటి, సోంపేట, కంచిలి, ఇచ్ఛాపురం, మందస, వజ్రపుకొత్తూరు, పలాస మండలాల్లో మూత్రపిండాల జబ్బు దశాబ్దాలుగా మనుషుల్ని తినేస్తోంది. కారణం ఇదీ అని వైద్యశాస్త్రం ఇంకా తేల్చలేదు. ఈ జబ్బు ముదిరేదాకా బయటపడదు. రక్తంలో క్రియాటినిన్ చూస్తే తప్ప తెలియదు. అక్కడికి వెళ్ళి బీపీ మాత్రం చూసి "అంతా బాగుంది" అని పంపేస్తే, రోగికి లేని ధైర్యం ఇచ్చినట్టే. క్యాంపుల్లో మోకాళ్ళ నొప్పులకు గుప్పెడేసి మాత్రలు పంచే అలవాటు అంతకంటే ప్రమాదం. నొప్పి మాత్రలు మూత్రపిండాలకు చేటు. మిగతా ఊళ్ళలో చేసినట్టే ఉద్దానంలోనూ చేయడం, మంచి మనసుతోనే అయినా, కీడు చేయడమే. క్యాంపు పెట్టేముందు ఆ ప్రాంతం తెలిసిన డాక్టరును అడగాలి.

పలాసలో 200 పడకల కిడ్నీ ఆసుపత్రి 2023 డిసెంబరులో మొదలైంది. హిరమండలం రిజర్వాయరు నుంచి మంచినీళ్ళు తెచ్చే పథకం వచ్చింది. డయాలసిస్ రోగులకు నెలకు 10,000 రూపాయల పింఛను ఉంది. ప్రభుత్వం చేయవలసిన పని ప్రభుత్వమే చేయాలి. చర్చి దాని బదులు చేయబోవడం తప్పు, చేయలేదు కూడా. అయితే వారానికి రెండు మూడుసార్లు, వెళ్ళిన ప్రతిసారీ నాలుగేసి గంటలు యంత్రం పక్కన పడుకునే మనిషికి తోడెవరు? భార్య వెళితే ఆ రోజు కూలి పోతుంది. కొడుకు వెళితే కాలేజీ పోతుంది. ఆటో చార్జీలు వేరే. డయాలసిస్ నుంచి వచ్చిన మనిషి నీరసంతో మంచం మీద వాలితే ఇంట్లో అన్నం వండేవాళ్ళుండరు. నెలకు ఒక్క శనివారం తోడు వెళ్ళడానికి మెడికల్ సీటు అక్కర్లేదు. పింఛను కాగితాలు సరిచేసి సచివాలయంలో ఇప్పించడానికి ఇంటర్ చదువు చాలు.

2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను ఉద్దానం మీద విరుచుకుపడ్డాక అన్ని వైపుల నుంచీ సాయం వచ్చింది. కొద్ది వారాల్లో ఆ సందడి సద్దుమణిగింది. పడిపోయిన కొబ్బరిచెట్టు స్థానంలో నాటిన నాటురకం మొక్క కాపుకు రావడానికి మాత్రం ఆరేడేళ్ళు పడుతుంది. ఆ ఆరేడేళ్ళూ ఆ రైతు ఎలా బతికాడో, పిల్లల్ని ఎక్కడికి పనికి పంపాడో, మళ్ళీ వెళ్ళి అడిగినవాళ్ళకే తెలుస్తుంది.

ఔట్‌రీచ్‌లో మనం తరచూ చెప్పే మంచి సమరయుడి కథలో ఒక సంగతి దాటేస్తుంటాం. గాయాలు కట్టిన ఆ మనిషి అక్కడ ఉన్నది ఒక్క రాత్రే. తెల్లారి తన దారిన తాను వెళ్ళిపోయాడు. వెళ్ళేముందు పూటకూళ్ళవాడికి డబ్బిచ్చి రోగిని అప్పగించాడు, ఎక్కువ ఖర్చయితే తిరిగి వచ్చినప్పుడు తీరుస్తానని మాటిచ్చాడు. తక్కువసేపు ఉండటం అతని సేవకు లోటు కాలేదు. మన యూత్ విషయంలోనూ రెండు రోజులు తక్కువని నేననడం లేదు. ఎవరికి అప్పగించి వస్తున్నామో, ఎప్పుడు తిరిగి వెళతామో తేల్చుకోకుండా బస్సెక్కడం తప్పంటున్నాను.

సువార్త మాటేమిటి అని పెద్దలు అడుగుతారు. అడగాలి కూడా. మతాన్ని ప్రచారం చేసుకునే హక్కు రాజ్యాంగం 25వ అధికరణం ఇచ్చింది, దాన్ని ఎవరూ దాచుకోనక్కర్లేదు. బ్యానరు మీద చర్చి పేరు రాయండి, రాత్రి కూటం పెట్టుకోండి, ఇష్టమైనవాళ్ళు వచ్చి కూర్చుంటారు. కానీ మందుల కవరులో కరపత్రం పెట్టకండి. మందు కోసం వరసలో నిలబడ్డవాడు కాదనలేడు. కాదనలేని మనిషికి చెప్పిన మాట సువార్త అనిపించుకోదు. దానివల్ల ఊళ్ళో పుట్టే అనుమానాన్ని, మనం వెళ్ళిపోయాక అక్కడే బతకాల్సిన పాస్టరు గారి కుటుంబం మోస్తుంది.

ఇంకో చేదు నిజం. పల్లెల్లో మన చర్చి చాలా చోట్ల దళితపేటలోనే ఉంటుంది. క్యాంపు చర్చిలో పెడితే మిగతా వీధుల వాళ్ళు గడప తొక్కరు. బడి వరండాలో పెడితే వస్తారు. పేటవాళ్ళూ వాళ్ళూ ఒకే బెంచీ మీద కూర్చుని వంతు కోసం చూస్తారు. అది చిన్న మార్పు కాదు.

మన్యంలో సవరల మధ్యకు వెళ్ళేవాళ్ళు గిడుగు రామమూర్తి పంతులు గారిని గుర్తుంచుకోవాలి. ఆయన క్రైస్తవుడు కాదు. పర్లాకిమిడిలో ఉంటూ సవర భాష నేర్చుకుని, వాళ్ళ పిల్లలకు వాళ్ళ భాషలోనే చదువు చెప్పించి, 1931లో ఆ భాషకు వ్యాకరణం అచ్చు వేయించిన మనిషి. మనం సీతంపేట కొండల మీద తెలుగు పాటలు మైకులో పెట్టి తిరిగి వస్తున్నాం. ఒకే గూడేనికి మూడేళ్ళు వెళితే మన పిల్లలకు పది సవర మాటలైనా వస్తాయి.

ఇక ఖర్చు. బస్సు కిరాయి, సౌండు సిస్టం, ఒకే రంగు టీషర్టులు, ఫ్లెక్సీలు కలిపితే ఎంతవుతుందో ప్రతి యూత్ కమిటీకీ తెలుసు. సగం దూరంలో ఉన్న ఊరిని ఎంచుకుని ఆర్టీసీ బస్సులో నలుగురేసి వంతులవారీగా వెళితే, మిగిలిన డబ్బు డయాలసిస్ రోగుల ఆటోలకు సరిపోతుంది. ఈసారి కమిటీ కూర్చున్నప్పుడు ముందు ఆ ఊరి పాస్టరు గారికి, ఆశా కార్యకర్తకు ఫోను చేయండి. డయాలసిస్‌కు ఎవరెవరు వెళుతున్నారు, ఏయే రోజుల్లో, వెంట ఎవరు వెళుతున్నారు, శుక్లం చీటీ చేతిలో ఉండి ఆసుపత్రికి వెళ్ళలేనివాళ్ళు ఎవరున్నారు అని అడిగి పేర్లు రాసుకోండి. వెళ్ళే తేదీ ఆ తర్వాత వేసుకోవచ్చు. రెండోసారి వెళ్ళే తేదీ కూడా అప్పుడే రాసుకోండి.