ముగ్గు వేసిన చేతికి పేరుందా?

కామాటిపుర పాత చాళ్లలో తెల్లవారుజామున నీళ్లు వచ్చే వేళకు వెళ్లి చూడండి. ఒక బకెట్ నిండి ఇంకొకటి పెట్టే సందులోనే మన ఆడవాళ్లు గడప ముందు తుడిచి ముగ్గు వేసేస్తారు. మూరెడు జాగా. పక్కింటివాళ్ల చెప్పులు జరిపి మరీ వేయాలి. ఊళ్లో వాకిలంతా పరుచుకున్న ముగ్గు ఇక్కడ అరచేయంత అయింది, అయినా ఆగలేదు.

నిజాం రాజ్యం నుంచి కూలి పనులకు వచ్చిన కామాటీల వల్లే ఈ పేటకు ఆ పేరు. ముంబయి కట్టడాల్లో మన తాతల చెమట ఉందని సభల్లో చెప్పుకుంటాం. మన అవ్వలు చేతుల్లో పెట్టుకుని తెచ్చిన విద్య గురించి మాత్రం నేను ఏ సభలోనూ వినలేదు.

వినకపోగా, మాన్పించాను కూడా. వేదాంత కళాశాల నుంచి వచ్చిన కొత్తలో బాప్తిస్మానికి సిద్ధపడుతున్న ఒక తల్లితో ముగ్గు మానేయమన్నాను. ఆమె వాదించలేదు. నెల తర్వాత అంది: "మానేసిన అయ్యగారూ, గని చెయ్యి ఊకుంటలేదు." ఆ మాటకు నేను చదివిన పుస్తకాల్లో జవాబు దొరకలేదు.

ముగ్గు లక్ష్మీదేవిని పిలవడానికి వేసేది కదా అనే సహోదరులున్నారు. ఆ అభ్యంతరాన్ని నేను కొట్టిపారేయను. విశ్వాసంలోకి వచ్చిన స్త్రీ ఏది విడిచిపెట్టాలో తన మనస్సాక్షితో తనే తేల్చుకోవాలి. కానీ ముగ్గు విడిచిపెట్టమన్నంత గట్టిగా కులాన్ని విడిచిపెట్టమన్నామా? పెళ్లి సంబంధం దగ్గర "మీరేవాళ్లు?" అని అడిగే ఇళ్లకు ప్రార్థనకు వెళ్తూనే ఉన్నాం.

మన యౌవనులు దుపట్టాల మీద, ఫోన్ కవర్ల మీద చూసే మధుబని బొమ్మలు కూడా బీహార్‌లోని మిథిల స్త్రీలు ఇంటి గోడల మీద వేసుకున్నవే. 1966-67 కరువు కాలంలో అఖిల భారత హస్తకళల బోర్డు వాళ్ల చేతికి కాగితం ఇచ్చి వేయించింది. మొదట పేరొచ్చింది ఎక్కువగా అగ్రకులాల స్త్రీలకే. తర్వాత జిత్వార్‌పూర్ దళిత స్త్రీలు, దుసాధ్ కులస్థులు, తమ ఒంటి మీది పచ్చబొట్లనే కాగితం మీదికి తెచ్చారు. దాన్నే గోద్నా అంటారు. చానో దేవి పేరు అక్కడ ముందు చెప్పుకుంటారు. ఆ కాగితానికి వాళ్లు పేడనీళ్లు పూస్తారు. మన సాన్పి గుర్తొస్తుంది కదూ! రాంటీ గ్రామానికి చెందిన దులారీ దేవిది చేపలు పట్టే మల్లాహ్ కులం. చిత్రకారిణి మహాసుందరీ దేవి ఇంట్లో పాచిపనికి కుదిరి, అక్కడే చూసి నేర్చుకుంది. 2021లో పద్మశ్రీ వచ్చింది. ఈ ముంబయి బిల్డింగుల్లో పాచిపనికి వెళ్లే మన అక్కలకు ఈ సంగతి ఎవరైనా చెప్పారా?

అంత దూరం కూడా అక్కర్లేదు. పక్కనే పాల్ఘర్ జిల్లాలో వార్లీ ఆదివాసీ స్త్రీలు పెళ్లిళ్లకు గోడ మీద బియ్యప్పిండితో చౌక్ వేసేవారు. 1970లలో ఆ బొమ్మ కాగితమెక్కి బజారుకు వచ్చాక పేరు మగవాళ్లకు వచ్చింది. జివ్యా సోమా మాషే గొప్ప చిత్రకారుడే, 2011 పద్మశ్రీకి తగినవాడే. అయినా ఆ పెళ్లి గోడలు వేసిన అమ్మల పేర్లు ఎవరికి తెలుసు?

మన గ్రంథంలోనూ ఇదే చూస్తాం. నిర్గమకాండము 35లో ప్రత్యక్షగుడారం పనికి బెసలేలు, అహోలీయాబుల పేర్లున్నాయి. నూలు వడికిన నేర్పుగల స్త్రీలూ ఉన్నారు, పేర్లు లేవు. దీని మీద నేను ఇరవై ఏళ్లలో ఒక్క ప్రసంగం చేయలేదు.

ఇప్పుడు కామాటిపుర పునర్నిర్మాణం మ్హాడా చేతిలో ఉంది. చాళ్లు పోయి టవర్లు వస్తాయి. మంచి ఇల్లు మనవాళ్ల హక్కు, దానికోసం పోరాడాల్సిందే. గదులు కొలిచేవాళ్లు గడప ముందు మూరెడు జాగాను లెక్కలో వేయరు. అదీ అడగాలి.

ఈ క్రిస్మస్‌కు మా మందిరం మెట్ల ముందు జాగా ఆడవాళ్లకే వదిలేస్తున్నాం. ప్లాస్టిక్ స్టిక్కర్లు కొనొద్దన్నాను. ప్రతి ముగ్గు పక్కన వేసినవాళ్ల పేరు రాయమని, ఫోటో పెట్టేటప్పుడు ఆ పేరు కూడా పెట్టమని యౌవనులకు చెప్పాను. ఆ తల్లిని కూడా పిలిచాను, క్షమాపణ అడిగాక. చేతులు వణుకుతున్నాయట. చుక్కలు మనవరాలు పెడుతుంది, గీతలు తనే కలుపుతానంది.