రేగడి దాచుకునే వాన

మే నెలలో ఒంగోలు వీధుల్లో వడగాలి మొహాన కొడుతుంటే ఎడారిలో ఉన్నామా అనిపిస్తుంది. కానీ ఎడారికి గుర్తు ఎండ కాదు. లద్దాఖ్‌లోని లేహ్‌లో చలికాలం నీళ్లు గడ్డకడతాయి. అయినా ఏడాది వాన 100 మిల్లీమీటర్ల దరిదాపుల్లోనే ఉండే ఆ చోటు ఎడారే. ఎండా గాలీ కలిసి నేల నుంచి ఎంత నీటిని ఆవిరి చేయగలవు, అందులో ఎంత వాన తిరిగి ఇస్తుంది అన్నదే శాస్త్రజ్ఞుల కొలత. ఐదో వంతు కూడా ఇవ్వకపోతే ఎడారి వాతావరణం. ఐదో వంతు దాటి సగంలోపు ఉంటే అర్ధశుష్కం. మన మెట్ట ప్రాంతాల్లో చాలా భాగం ఈ కోవలోదే.

జైసల్మేరులో ఏడాది వాన 200 మి.మీ. అటూ ఇటూ. అనంతపురంలో 550. మన ప్రకాశం జిల్లాలో సుమారు 870. ఈ అంకె చూసి ధీమా పడలేం. నైరుతి మనల్ని సరిగా పట్టించుకోదు. అక్టోబరు, నవంబరుల్లో వాయుగుండం వస్తే నాలుగు రోజుల్లోనే చేలు మునుగుతాయి. ఆ తర్వాత నెలల తరబడి బెట్ట. ఎడారి బాధ వాన లేకపోవడం. మన బాధ వచ్చిన వాన నిలవకపోవడం.

దాన్ని నిలిపేది నల్లరేగడి. ఆ వానల పదును మీద శనగ విత్తితే, మళ్లీ చినుకు పడకపోయినా, మంచు తోడుగా పంట చేతికొస్తుంది. పొగాకూ అలా పెరిగిందే. ఇలాంటి అర్ధశుష్క ప్రాంతాల పంటల కోసమే 1972లో పటాన్‌చెరులో ఇక్రిశాట్ పరిశోధన సంస్థ వెలిసింది.

పడమటకు పోతే ఆ రేగడి అండ అంతగా లేదు. కనిగిరి, పొదిలి, మార్కాపురం వైపు వానా తక్కువే, నేల కింది నీళ్లలో ఫ్లోరైడ్. అక్కడి పిల్లల పళ్ల మీద గారలు చూసినవాళ్లకు వెలిగొండ ప్రాజెక్టు సొరంగాల్లో కృష్ణా నీళ్లు ఎప్పుడు పారతాయన్నది రాజకీయ ప్రశ్నగా మాత్రమే కనిపించదు. ఆ నీళ్లు రావాల్సిందే. అవి వచ్చేదాకానూ, వచ్చాకానూ పడిన వాన కూడా మనదే. విజయనగర కాలంలో గుండ్లకమ్మకు అడ్డంగా కట్ట వేసి కంభం చెరువు నింపినవాళ్లకు ఈ సంగతి తెలుసు. 2020లో ఆ చెరువుకు ప్రపంచ సాగునీటి వారసత్వ కట్టడంగా గుర్తింపు వచ్చింది.

అనంతపురం జిల్లా కణేకల్లు దగ్గర వేదవతి ఇసుక గాలికి లేచి పొలాలను కప్పేస్తోంది. ఎడారి కాని నేలకూ ఆ గతి పట్టగలదు. మన ఊళ్లలో చెరువులకు నీళ్లు తెచ్చే వాగులు పూడి, ఆక్రమణల్లో ఇరుకైపోయాయి. అక్టోబరు రాకముందే వాటి పూడిక తీయించాలి, హద్దురాళ్లు నాటించాలి. పంచాయతీలు ఈ వేసవిలోనే ఆ పనికి దిగాలి.